ఓడెక్కే వయసు

ఆదెమ్మకి మనుషులంటే పెద్ద గౌరవం లేదు. ఆ సంగతి ఆమె ఎన్నడూ దాచుకోలేదు. బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఆమె ఉండే వీధిలో పాలవాడి నుంచి మాజీ కార్పొరేటరు దాకా అందరికీ తెలుసు. హోసూరు రోడ్డు మీది గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు చెకింగ్ టేబుల్ ముందు నిలబడి, ముందుకొచ్చిన ప్రతి చొక్కానీ తిరగేసి తప్పు వెతకడమే పనిగా బతికిన మనిషి ఆమె. హెల్పరుగా చేరి, చివరికి క్వాలిటీ సెక్షన్ ఇన్‌ఛార్జి అయి బయటికొచ్చింది. రిటైరయ్యాక చొక్కాలు పోయాయి గాని ఆ కళ్ళు పోలేదు. అప్పట్నుంచి వాటి కింద మనుషులు పడ్డారు.

ఆమె తాతల నాడే ఆ కుటుంబం మడకశిర వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. భర్త హనుమంతు లారీ డ్రైవరు. పోయి పదకొండేళ్ళయింది. కింద ఆదెమ్మ ఉంటే, పైన కొడుకు నాగేంద్ర, కోడలు సంధ్య ఉంటారు. నాగేంద్ర హూడిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ భవనానికి మేనేజరు. లిఫ్టులు, ఏసీలు, నీళ్ళ ట్యాంకులు చూసుకుంటాడు. రోజూ ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ పోయి, తిట్టుకుంటూ వస్తాడు. తల్లి దృష్టిలో అతనికి చేతనైన విప్లవం అదొక్కటే.

డెబ్బై నాలుగో ఏట ఆదెమ్మకి ఓడెక్కాలని బుద్ధి పుట్టింది.

"నేను పాస్ చేసిన చొక్కాలు లక్షలు లక్షలు సముద్రం దాటిపోయినాయి. నేను చూస్తే హోసూరు దాటలేదు. ఆ ఓడ ఎట్లుంటాదో చూడల్ల" అంది ఒక ఆదివారం, ఇడ్లీ తింటూ.

నాగేంద్రకి ఇడ్లీ గొంతుకి అడ్డం పడింది. "అమ్మా, కాశీకి పో. రేపే ఫ్లైట్ టికెట్ తీపిస్తా. ఓడ యాలమ్మా ఈ వయసులో?"

"దేవుడు యాడికీ పోడప్పా. మోకాళ్ళు పోతాయి. ముందు ఓడ చూసొస్తా."

పీఎఫ్ డబ్బులో తనకని పక్కన పెట్టుకున్న కొంత ఉంది. దాన్ని పట్టుకుని జయనగరలో ఒక టూర్ కంపెనీకి పోయింది. సీనియర్ సిటిజన్ల కోసం ప్రత్యేకమైన టూరు అని వాళ్ళు ప్రకటించారు. బెంగళూరు నుంచి సింగపూరుకి విమానం, అక్కడ్నుంచి ఓడలో నాలుగు రాత్రులు, దారిలో పెనాంగ్, ఫుకెట్. రంగుల పుస్తకం అట్ట మీద ఒక తెల్ల ముసలి జంట గ్లాసులెత్తి నవ్వుతోంది. ఇద్దరి నోట్లోనూ ఇరవయ్యేళ్ళవాళ్ళ పళ్ళు. ఆ జంట కింద పెద్ద అక్షరాల్లో 'ఉచిత ట్రావెల్ ఇన్సూరెన్స్' అని ఉంది.

టూర్ మేనేజరు పేరు భరత్. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. ముసలివాళ్ళతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి, పసిపిల్లల్ని నిద్రపుచ్చుతున్నట్టు మాట్లాడటం నేర్చుకున్నాడు. ఆ గొంతు వినగానే ఆదెమ్మకి ఒళ్ళు మండింది.

"ఈ ఇన్సూరెన్సు కాగితం చూపించప్పా" అంది.

"అది జస్ట్ ఫార్మాలిటీ అమ్మా. అందరికీ కవర్ అయ్యుంటాది. మీరు టెన్షన్ తీసుకోవద్దండి."

"ఫార్మాలిటీ అయితే చూపించేకి నీకేం కష్టం?"

అతను రెండు పేజీలు ప్రింట్ తీసిచ్చాడు. ఓడ బొమ్మ, గొడుగు బొమ్మ, ఫోన్ నంబరు.

"ఇది పైన చుట్టే కవరు. లోపల గుడ్డ యాడుండాది?"

మర్నాడు నలభై ఆరు పేజీల పాలసీ ఈమెయిల్లో వచ్చింది. అది ఎవరో చదువుతారని ఆ కంపెనీలో ఎవ్వరూ అనుకుని ఉండరు. ఆదెమ్మ ఎస్సెల్సీ దాకా చదివింది. విదేశీ కొనుగోలుదార్లు పంపే కొలతల కాగితాల మీద ఇంగ్లీషు నేర్చుకుంది. సన్న అక్షరాలకి ఆమె ఎప్పుడూ భయపడలేదు. కోడలి చేత అంతా ప్రింట్ తీయించి, భూతద్దం పెట్టుకుని రెండు రోజులు చదివింది. ముప్పై ఒకటో పేజీలో, ఒక పట్టిక కింద దొరికింది. ఈ పాలసీ డెబ్బై ఏళ్ళు నిండినవారికి వర్తించదు.

ముసలివాళ్ళ కోసమే పెట్టిన టూరు. దానికి డెబ్బై దాటితే పనికిరాని ఇన్సూరెన్సు. ఆదెమ్మ పెద్దగా నవ్వింది. ఫ్యాక్టరీలో రెండు చేతులూ ఎడమవైపువే కుట్టిన చొక్కా దొరికినప్పుడు అట్లాగే నవ్వేది.

సంధ్య చేత కంపెనీకి ఈమెయిల్ రాయించింది. డెబ్బై దాటిన ప్రయాణికులకి మీ ఇన్సూరెన్సు పనికొస్తుందా, ఔను కాదు అని రాయండి, అని. గంటలో జవాబొచ్చింది. వయసుతో నిమిత్తం లేకుండా మా అతిథులందరికీ ఇన్సూరెన్సు ఉందనీ, దయచేసి ఆందోళన పడవద్దనీ. కింద భరత్ పేరు. అతను పాలసీ తెరిచి చూడలేదని ఆదెమ్మకి అర్థమైంది. అబద్ధం చెప్పడానికైనా కాస్త చదివి ఉండాలి. ఇతనికి ఆ ఓపిక కూడా లేదు.

"అయితే ఈ టూరే వద్దు అత్తమ్మా" అంది సంధ్య.

"ఓడ వీళ్ళది కాదు కదా. ఓడ ఓడే. వీళ్ళు బ్రోకర్లు. నా ఇన్సూరెన్సు నేను చూసుకుంటా."

చూసుకోవడం మొదలుపెట్టాక గాని ఆమెకి తన వయసు ఎంతో తెలిసిరాలేదు. అత్తాకోడళ్ళు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. పాలసీలన్నీ పోల్చి చూపించే వెబ్‌సైట్లో సంధ్య ముందు సరదాకి అరవై ఏళ్ళు అని కొట్టింది. పద్దెనిమిది పాలసీలు బారులు తీరాయి. ఆదెమ్మ పుట్టిన తేదీ కొట్టగానే ఐదు మిగిలాయి. బీపీ, షుగరు ఉన్నాయని టిక్కు పెడితే మూడు. ఆ మూడింటి ధర అరవై ఏళ్ళవాళ్ళు కట్టేదానికి ఏడెనిమిది రెట్లు. ఒకటైతే ఓడ టికెట్టులో సగం.

అంత పోసినా ఓడ గురించి అందులో ఒక్క మాట లేదు. సూట్‌కేసు పోతే ఏమిస్తారు, విమానం ఆలస్యమైతే ఏమిస్తారు, ఇంట్లో దొంగలు పడితే ఏమిస్తారు, ఇవే. ఆదెమ్మకి కావలసింది వేరు. ఓడలో డాక్టరు డాలర్లలో ఫీజు వేస్తాడని ఆమె చదివింది. మన ఊరి హెల్త్ కార్డు అక్కడ చిత్తు కాగితంతో సమానం. జబ్బు పెద్దదైతే ఓడ నుంచి దింపి ఒడ్డున ఆసుపత్రికి చేరుస్తారు, అసలు ఖర్చంతా ఆ దింపడంలోనే ఉంటుంది. అది ఇస్తారా, ఇవ్వరా?

వెబ్‌సైట్లో నంబరిచ్చిన పాపానికి వారం పాటు ఫోన్లు వచ్చాయి.

"హలో మేడం, ట్రావెల్ చేసేది మీ పేరెంట్సా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"మా అమ్మ పోయి నలభై ఏండ్లాయె. ఆమె ఇంక యాడికీ పోదు. పోయేది నేను."

 ఆ అమ్మాయి ఎవరినో అడిగొచ్చి, ఓడ ప్రయాణం నీటి సాహస క్రీడల కిందికి వస్తుంది కాబట్టి కవర్ కాదని చెప్పింది.

"ఓడలో కూర్చోని ఉప్మా తినేది సాహసమా తల్లీ? మీ కాగితంలో ఏ పేజీలో ఉండాది అది?"

ఫోన్ కట్టయింది. మర్నాడు అదే కంపెనీ నుంచి వేరే గొంతు, ఓడ తప్పకుండా కవర్ అవుతుందని చెప్పింది. అది రాసి పంపమంటే ఆ గొంతు కూడా మాయమైంది. తాము అమ్మేది ఏమిటో తెలియకుండా అమ్మేవాళ్ళని ఆదెమ్మ సంతలో చాలామందిని చూసింది గాని, వాళ్ళెవరూ మెడలో టై కట్టుకోలేదు.

ఆ సమయంలో దామోదర్ వచ్చాడు. హనుమంతుకి చిన్నాన్న కొడుకు. ఇన్సూరెన్స్ ఏజెంటు. పెళ్ళికి పోయినా చావుకి పోయినా బ్యాగులో ఫారాలు పెట్టుకుని పోయే రకం. హనుమంతు పోయిన పదకొండో రోజున భోజనాలు చేసి చెయ్యి కడుక్కుంటూ పక్కవాడికి ఒక పాలసీ అమ్మాడు.

"ఏం వదినా, నన్ను వదిలేసి ఆన్‌లైన్‌లో చూస్తాండావంట. మనోళ్ళు లేరా?" అంటూ ఫోన్ తీసి తడమడం మొదలుపెట్టాడు. "ఇదిగో, దీంట్లో ఒక చిన్న పని చేస్తే రేటు సగమవుతాది. బీపీ ఉందా, షుగరు ఉందా అని అడుగుతాడు. లేదని కొడదాం."

"ఉంటే లేదని యాల కొట్టేది?"

"ఎవరు చూస్తారు వదినా?"

"నేను బాగుండేదాకా ఎవరూ చూడరు. పడిపోయినానంటే అందరూ చూస్తారు. మా డాక్టరు చీటీ మొదలుకొని తవ్వుతారు."

నాగేంద్ర కూడా మధ్యలో దూరాడు. "అందరూ అట్లే చేస్తారమ్మా."

"అందరూ చేసే పని పట్టుకునేకే నన్ను ముప్పై నాలుగేండ్లు జీతమిచ్చి పెట్టుకున్నారు" అంది ఆదెమ్మ. దామోదర్‌కి కాఫీ ఇచ్చి పంపించేసింది.

మూడో రోజు ఆమె పేరు మీద పాలసీ వచ్చింది. దామోదర్ డబ్బు తనే కట్టి, ఏ జబ్బూ లేదని కొట్టి, దాన్ని తీసుకున్నాడు. డబ్బు తర్వాత ఇవ్వొచ్చని మెసేజి కూడా పెట్టాడు. ఆదెమ్మ ఫోన్ చేసి రమ్మంది. అతను డబ్బు తీసుకోవడానికని నవ్వుకుంటూ వచ్చాడు. ఆమె కాగితం అతని ముందు పెట్టి, అబద్ధమున్న చోట ఎర్ర పెన్నుతో గీత గీసింది.

"దీన్ని రద్దు చేయించు. ప్రయాణం మొదలు కాకముందు రద్దు చేయొచ్చని వాళ్ళే రాసినారు. నువ్వు చదివుండవు."

"నీ మంచికే చేసినా వదినా."

"నా మంచికా? రేపు పరాయి దేశంలో నేను మంచం మీద ఉంటే, ఈ గీతలు చూపించి వాళ్ళు పైసా ఇయ్యరు. అప్పుడు నువ్వు ఫోన్ తీస్తావా? మీ అన్న పోయిన రోజు తీయలేదు నువ్వు."

దామోదర్ అక్కడే కూర్చుని రద్దు చేశాడు. చేస్తున్నంతసేపూ ఎవరో అతన్ని దోచుకుంటున్నట్టు మొహం పెట్టాడు. ఇట్లాంటివాళ్ళు వీధికొకరుంటారు. వాళ్ళ వల్ల లాభపడ్డవాళ్ళని ఎవరూ చూసి ఉండరు, అయినా ఆ వీధివాళ్ళు మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోతారు.

చివరికి ఆమెకి దారి చూపించింది శాంతినగరలో ఒక పాత భవనం. రెండో అంతస్తులో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ బ్రాంచి. లిఫ్టు పనిచేయదు. మొదటిసారి పోతే భోజన విరామం. రెండోసారి పోతే ఆఫీసరు సెలవు. మూడోసారి మెట్లెక్కి వగరుస్తూ కుర్చీలో కూలబడితే, బల్ల వెనక గీతాంజలి అనే ఆఫీసరు తలెత్తకుండానే అడిగింది.

"ఈ వయసులో మీకు ఓడెందుకమ్మా?"

"ఈ వయసులో మీకు ఆ కుర్చీ యాల?"

గీతాంజలి తలెత్తింది. ఆమెకి ఇంకో ఎనిమిది నెలల్లో రిటైర్‌మెంటు. ఎదురుగా ఉన్న ముసలావిడని, చేతిలో ఫైలుని, అందులో ఎర్ర గీతలు పడ్డ ఐదు కంపెనీల కాగితాలని చూసింది. ఫైలు తీసుకుని తిప్పింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పాలసీ చదివొచ్చిన మనిషి ఆమెకి మొదటిసారి తగిలినట్టుంది.

తర్వాత ఆ ఇద్దరూ గంటన్నర కూర్చున్నారు. ఇద్దరికీ లోకం మీద ఒకటే అభిప్రాయం కాబట్టి పని బాగా సాగింది.

"ప్రపంచమంతా తిరిగే పాలసీ మీకెందుకు? మీరు పోయేది ఆసియాలోనే కదా" అని గీతాంజలి ఒకటి కొట్టేసింది. ధర దిగింది. నెల రోజుల ప్లాను కాదు, పోయే రోజు నుంచి వచ్చే రోజు దాకా, ఆలస్యమైతే పనికొస్తుందని ఒక రోజు కలిపి వేసింది. ఇంకా దిగింది. సూట్‌కేసు, దొంగలు, విమానం ఆలస్యం వద్దని ఆదెమ్మ అంది. ప్రతి వైద్యానికీ మొదటి వంద డాలర్లు నేనే పెట్టుకుంటానని కూడా ఒప్పుకుంది. బీపీ, షుగరు దాచకుండా రాశారు. వాటి వల్ల ప్రాణం మీదికొస్తే ఒక హద్దు దాకా ఇస్తారు, మామూలు మందులకి ఇవ్వరు. దానికి ఈసీజీ, రక్తపరీక్ష, డాక్టరు సంతకం కావాలి.

"ఓడ డాక్టరు బిల్లు, ఓడ నుంచి దింపే ఖర్చు ఇస్తారా?"

"ఇస్తాం."

"అది రాసియ్యండి."

గీతాంజలి ఒక్క క్షణం చూసి, కంపెనీ కాగితం మీద రాసి, ముద్ర వేసింది. మొత్తం ఖర్చు వెబ్‌సైట్లో చూపించిన దాంట్లో సగానికి తక్కువ.

"ఇది ఆన్‌లైన్‌లో యాల లేదు?" అంది ఆదెమ్మ.

"ఎవరూ అడగరమ్మా."

"అడిగేవాళ్ళు పోయేదాకా ఎదురు చూస్తాండారా?"

గీతాంజలి నవ్వలేదు. "దాదాపు అంతే" అంది.

ఎయిర్‌పోర్టులో ముప్పై మంది ముసలివాళ్ళు ఒకే రంగు టోపీలు పెట్టుకుని నిలబడ్డారు. ఆ టోపీ కంపెనీ ఇచ్చింది. ఆదెమ్మ పెట్టుకోలేదు. ఆమె చంకలో ప్లాస్టిక్ ఫైలు చూసి మునినారాయణప్ప అనే ఆయన నవ్వాడు. అత్తిబెలెలో హైవే పక్కన లారీలు తూచే కాటా ఆయనది. డెబ్బై ఆరేళ్ళు. టన్నుల లెక్కన లోకాన్ని తూచి తూచి, తన మాటకి కూడా అంతే బరువుంటుందని నమ్మేవాడు. పక్కన భార్య లక్ష్మమ్మ, భర్త బ్యాగు, తన బ్యాగు రెండూ మోస్తూ.

"ఏమమ్మా, ఓడ రిజిస్ట్రేషన్ చేయించుకునేకి పోతాండావా ఏం?"

"ఇన్సూరెన్సు. మీకుండాదా?"

"ఫ్రీగా ఇచ్చినారు కదా. భరత్ చెప్పినాడు."

"మీ వయసుకి అది లేదు. డెబ్బై దాటితే రాదు. కాగితంలో ఉండాది, చూపిస్తా రండి."

మునినారాయణప్ప చెయ్యి విదిలించాడు. "ఆడోళ్ళకి కాగితాలిస్తే ఇంతే" అని పక్కాయనతో అన్నాడు. పక్కాయన నవ్వాడు. ఆ మాట విన్నాక ఇంకొకసారి చెప్పే అలవాటు ఆదెమ్మకి లేదు. లక్ష్మమ్మ మాత్రం ఫైలు వైపు కాసేపు చూసింది.

ఓడ ఒక పెద్ద మాల్‌లా ఉంది. లోపల దుకాణాలు, మెట్లు, అద్దాలు, ఎక్కడ చూసినా తిండి. తమ గుంపులో వాళ్ళు పళ్ళేల్లో కొండలు పేర్చుకుని, సగం తిని, డబ్బులిచ్చాం కదా అని మళ్ళీ పేర్చుకోవడం ఆదెమ్మ చూసింది. అన్నమంటే భయం లేని ముసలితనం ఆమెకి అసహ్యం. అయితే మర్నాడు పొద్దున ఆరింటికి ఆమె ఒక్కతే పై డెక్కు మీదికి పోయింది. నాలుగు వైపులా నీళ్ళే. గట్టు లేదు. నీళ్ళ రంగు నిమిషానికొకటిగా మారుతోంది. చెకింగ్ టేబుల్ ముందు నిలబడ్డన్నాళ్ళూ ఆ కళ్ళు ఏదో ఒకటి వెతుకుతూనే ఉండేవి. ఇక్కడ వెతకడానికేం లేదు. రెయిలింగు పట్టుకుని గంటసేపు నిలబడింది. టిఫిను సంగతి కూడా మర్చిపోయింది.

పదింటికి మునినారాయణప్ప పడ్డాడు. బాత్రూము చెప్పులేసుకుని, ఈతకొలను పక్కన తడి నేల మీద వెనక్కి నడుస్తూ, మనవళ్ళకి వీడియో కాల్లో ఓడ చూపిస్తున్నాడు. కాలు జారింది. తుంటి విరిగింది.

ఓడ డాక్టరు ఎక్స్‌రే తీసి, ఆపరేషన్ చేయాలి, మధ్యాహ్నం పెనాంగ్‌లో దింపేస్తామన్నాడు. ఓడ ఆసుపత్రి బిల్లు అప్పటికే వాళ్ళ గది లెక్కలో పడింది. భరత్ ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. మాట్లాడుతుండగానే అతని మొహంలో రంగు పోయింది. డెబ్బై దాటినవాళ్ళకి లేదని అవతలివాళ్ళు రెండు నిమిషాల్లో చెప్పేశారు.

గుంపంతా ఆసుపత్రి గది బయట చేరింది. లక్ష్మమ్మ భర్త చెప్పు ఒకటి చేతిలో పట్టుకుని గోడకి ఆనుకుని ఉంది. ఏడవడం లేదు. భరత్ గొంతు తగ్గించి, ఆ నిద్రపుచ్చే గొంతుతోనే అన్నాడు.

"సార్ తన ఏజ్, మెడికల్ హిస్టరీ ముందే మాతో డిస్కస్ చేయాల్సిందమ్మా. అది గెస్ట్ రెస్పాన్సిబిలిటీ అవుతుంది."

ఆదెమ్మ వెనక నుంచి ముందుకొచ్చింది. "ఏయ్, ఈయప్ప పాస్‌పోర్టు నీ దగ్గర మూడు నెలలుండె. అందులో వయసు రాసిలేదా?"

ఫోన్ తీసి, మూడు నెలల కిందట వచ్చిన జవాబు అందరికీ వినపడేట్టు చదివింది. వయసుతో నిమిత్తం లేదు. అతిథులందరికీ. ఆందోళన పడవద్దు. కింద పేరు. భరత్ నేల చూశాడు.

"మీ ఓనరుకి ఫోన్ కలుపు."

ఓడ వైఫై మీద కలిపాడు. ఓనరు ముందు మర్యాదగా, తర్వాత విసుగ్గా మాట్లాడాడు. "మేడం, ఇది వాళ్ళ ఫ్యామిలీ మ్యాటర్. మీకు సంబంధం లేదు కదా."

"నా పేరుకి రాసిన ఉత్తరం, నాకు సంబంధం లేకుండా ఎట్లుంటాదప్పా? ఈ గుంపులో డెబ్బై దాటినోళ్ళు పద్నాలుగు మంది ఉండారు. పద్నాలుగు మందికీ ఈ ఉత్తరం పంపిస్తా. పద్నాలుగు మందీ బెంగళూరులో దిగి కన్స్యూమర్ కోర్టుకి పోతారు. లేదంటే ఆసుపత్రి అడ్వాన్సు నువ్వు ఇప్పుడే కట్టు. రెండిట్లో నీకేది కావాల?"

గంటలో పెనాంగ్ ఆసుపత్రికి డబ్బు చేరింది.

ఇక మిగిలింది వాళ్ళతో దిగేదెవరు అన్నది. తనకి ఇంకా ఇరవై ఎనిమిది మంది గెస్టులున్నారని, దిగడానికి కుదరదని భరత్ అన్నాడు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎయిర్‌పోర్టులో మునినారాయణప్ప మాటకి నవ్విన ఆ పక్కాయనే గొంతు సవరించుకున్నాడు.

"ఆదెమ్మగారూ, మీరెట్లాగూ ఒంటరిగా వచ్చినారు. మీ వెనక ఎవరూ లేరు. ఇంగ్లీషు కూడా వస్తుంది. మీరు దిగితే వాళ్ళకి తోడుగా ఉంటుంది కదా."

ఇరవై తలలు ఊగాయి. అందరి మొహాల్లోనూ ఒకే హాయి. మొగుడు పోయిన ఆడది. ఎక్కడైనా సేవ అవసరమైతే పోవడానికి సిద్ధంగా పెట్టిన మనిషి. ఫ్యాక్టరీలో కూడా ఎవరైనా కళ్ళు తిరిగి పడితే సూపర్‌వైజరు అట్లాంటివాళ్ళనే వెతికేవాడు. ఆదెమ్మ ఆ మొహాల్ని ఒక్కొక్కటిగా చూసింది.

"ఒంటరిగా వచ్చినానంటే, ఊరికే తిరుగుతాండానని కాదు స్వామీ. మీరు ఎంత కట్టినారో నేనూ అంతే కట్టినా. నాకు సముద్రం ఇంకా మూడు రాత్రులుండాది. ఈ భరతప్ప జీతం తీసుకోని వచ్చినాడు. ఎవరు దిగల్ల?"

"మరి మిగతావాళ్ళ సంగతి, మేడం?" అన్నాడు భరత్. "గెస్టులని ఎవరు చూసుకుంటారు?"

"వీళ్ళకి తిండి యాడుండాదో తెలుసు. ఇంకేం కావాల వీళ్ళకి? పో, బ్యాగు సర్దుకో."

భరత్ దిగాడు. ఆదెమ్మ లక్ష్మమ్మని పక్కకి తీసుకుపోయి, తన నంబరు కాగితం మీద పెద్ద అంకెల్లో రాసిచ్చింది. తన స్వెట్టరు ఇచ్చింది.

"నాకు ఇంగ్లీషు రాదక్కా" అంది లక్ష్మమ్మ. ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"నీ పుట్టిల్లు హోసూరు పక్కంట కదా. అరవం వస్తాది కదా? ఈ ఊర్లో సగం మంది అరవమే మాట్లాడేది. ఎవరినైనా అడుగు. ఈయప్పని మాట్లాడనీకు, నువ్వే మాట్లాడు."

చక్రాల మంచం మీద మునినారాయణప్పని దింపుతున్నప్పుడు ఆదెమ్మ ఎదురుగానే నిలబడి ఉంది. ఎయిర్‌పోర్టులోనే చెప్పినా కదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆయనకి ఆమె చేసిన దయ అంతే. అది ఆయనకి తెలియనే తెలియదు.

ఆ సాయంత్రం నుంచి గుంపులో ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. రాతిగుండె అన్నారు. కన్నడంలో ఒకసారి, తెలుగులో రెండుసార్లు అన్నారు. అన్నవాళ్ళెవరూ దిగలేదు. లక్ష్మమ్మకి ఒక ఫోన్ కూడా చేయలేదు. భోజనాల దగ్గర కిటికీ పక్కన బల్ల ఖాళీ అయింది. ఆదెమ్మ దర్జాగా అక్కడ కూర్చుని తింది. తినే ముందు ఒకసారి, తిన్నాక ఒకసారి, మర్నాడు ఫుకెట్‌లో దిగిన వెంటనే ఒకసారి లక్ష్మమ్మకి ఫోన్ చేసింది.

"ఆపరేషన్ అయిందక్కా. నర్సు నా మాదిరే మాట్లాడుతాది. డాక్టరు నన్నే పిలిచి చెప్పినాడు. సంతకం నేనే పెట్టినా" అంది లక్ష్మమ్మ. ఆ గొంతు వేరేగా ఉంది.

ఆదెమ్మ ఇన్సూరెన్సు మాత్రం ఎవరికీ పనికిరాలేదు. ఆ ఏడు రోజుల్లో ఆమెకి తలనొప్పైనా రాలేదు. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తూ నాగేంద్ర అది పట్టుకున్నాడు.

"చూస్తివా అమ్మా, అన్ని మెట్లెక్కి దిగి తెచ్చిన పాలసీ. డబ్బు దండగాయె."

"నీ హెల్మెటు మీద కూడా ఇంతవరకూ ఎవరూ గుద్దలేదు. పారేయి మరి."

మునినారాయణప్ప రెండు నెలల్లో కర్ర పట్టుకుని నడిచాడు. టూర్ కంపెనీ ఆసుపత్రి డబ్బంతా కట్టింది. కట్టేదాకా ఆదెమ్మ వారానికొక ఈమెయిల్ రాయించింది. ఆయన మాత్రం అత్తిబెలెలో కాటా దగ్గర కుర్చీ వేసుకుని, బొమ్మనహళ్ళి ఆడమనిషి ఒకావిడ తమని పరదేశంలో వదిలేసి ఓడలో షికారు పోయిందని వచ్చే పోయే లారీవాళ్ళకి చెప్తుంటాడట. ఆ సంగతి ఎవరో మోసుకొచ్చి చెప్తే ఆదెమ్మ చింతపండు పిసుకుతూ, "నడుస్తాండాడు కదా, చాలు" అంది.

ఒక మధ్యాహ్నం లక్ష్మమ్మ ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి ఉంది.

"అక్కా, ఆయప్ప పండుకోనుండాడు. ఒక మాట అడగల్ల."

"అడుగు."

"ఆ ఓడకి నేనొక్కదాన్నే పోతే, నాకు ఇన్సూరెన్సు ఎంతవుతాదక్కా? నేను దిగిపోయినాక ఏమేమి ఉండెనో చూడనే లేదు."

ఆదెమ్మ చేతిలో పని ఆపింది. "నీకెన్ని ఏండ్లు?"

"వచ్చే శ్రావణానికి డెబ్బై నిండుతాయి."

"అయితే కూర్చోని ఆలోచన చేయొద్దు. పాస్‌పోర్టు, డాక్టరు చీటీలు అన్నీ తీసుకోని రేపే బస్సెక్కు."

 లక్ష్మమ్మ మెల్లగా అడిగింది.

"ఆయప్పకి ఏమని చెప్పేదక్కా?"

"చెప్పేదేముండాది? ఆయప్ప నిన్నడిగి జారి పడినాడా?"